గచ్చు తొట్టిలో రోడోడెండ్రాన్

2022 జనవరి. సిద్దిపేట నుంచి మిరుదొడ్డి వైపు పోయే రోడ్డు పక్కన మా నర్సరీ. ఒకప్పుడు ఆ రోడ్డుకు రెండు వైపులా మా తాతగారి భూములే. నాకు మిగిలింది అరెకరం. అందులో మొక్కలు పెంచి అమ్ముతాను. ఈ పనిలో ఇరవై ఏళ్లుగా ఎవరితోనూ మాట పడలేదు.

ఆ రోజు కవిత అనే అమ్మాయి, వాళ్ల అత్త లచ్చవ్వ ఆటోలో ఒక మొక్కను తెచ్చారు. కవిత భర్త జవాను. కొండల్లో ఉద్యోగం. సెలవుకు వస్తూ అక్కడి నర్సరీలో కొన్న రోడోడెండ్రాన్‌ను రైలులో ఒళ్లో పెట్టుకుని తెచ్చి, ఇచ్చి వెళ్లాడట. చలిప్రదేశాల్లో గుత్తులుగా పూసే మొక్క అది. మా ఎండకు బతకడమే అరుదు.

"మా కిరాయింటికి పడమటెండ సార్. మీ నీడల పెట్టుకోన్రి. ఆయన మల్ల సెలవుకొచ్చేదాంక బతికుండాలె," అంది కవిత. "గిది ఎంత పెద్దగైతది?"

మొక్క మొదలు చూశాను. బొటనవేలి కంటే లావుంది. మామిడినైనా నేరేడునైనా మేం మొదలు చూసే ఎత్తు చెబుతాం.

"నీ ఎత్తు దాటుతది. చిన్న కుండీల పట్టదు," అన్నాను.

"గింత ఆకు పెట్టుకొని గంత చెట్టయితదా దొరా?" అంది లచ్చవ్వ.

"చింతాకు ఎంతుంటది లచ్చవ్వా?"

గెలిచాననుకున్నాను.

మా పాత ఇంటి నుంచి మిగిలిన గచ్చు తొట్టి ఒకటి నా దగ్గర ఉండేది. నలుగురు పడితేగాని కదలదు. సైనికుడి మొక్కను అంతకంటే తక్కువదాంట్లో పెట్టడం మర్యాద కాదనిపించింది. లోపలా బయటా కొత్తగా సున్నం వేయించి, అంచుకు ఎర్రజాజు పూయించి అందులో నాటాను.

ఫిబ్రవరి చివరికి ఆకులు పసుపుబారాయి. ఈనెలు మాత్రం పచ్చగా ఉన్నాయి. దీన్ని క్లోరోసిస్ అంటాం. మట్టిలో ఇనుము ఉన్నా వేరు దాన్ని తీసుకోలేని స్థితి. ఐరన్ మందు కొట్టాను. నాలుగు రోజులు తేరుకున్నట్టే ఉండి మళ్లీ పాలిపోయింది.

అదే సమయంలో జవాను నుంచి ఫోన్లు ఆగిపోయాయి. సిగ్నల్ లేని చోటికి పంపి ఉంటారని కవిత అనేది. లచ్చవ్వ రోజూ పొద్దున వచ్చి, "ఆకు రాలిందా దొరా?" అని మాత్రం అడిగేది. రాలే ఆకుల్లో ఆమె కొడుకు క్షేమాన్నే లెక్కపెడుతోందని నాకు తెలుసు. అందుకే ఆమె వచ్చేలోపే రాలిన ఆకులు ఏరి జేబులో వేసుకునేవాణ్ని.

ఒకరోజు ఆమె ముందే వచ్చింది.

"జేబుల ఏంది దొరా?"

తీసి చూపించాను. తొమ్మిది ఆకులు. ఆమె వాటిని అరచేతిలో పరుచుకుని లెక్కపెట్టింది.

"మీ తాత కొలవకుంటనే గీ భూమంత నాదే అన్నడంట. నువ్వు కొలవకుంటనే చెట్టెత్తు జెప్పినవ్."

మా తాతగారిని అంత మాట నా ముందు ఎవరూ అనలేదు. కానీ నేను కొలవలేదన్నది నిజం. నేల మీద కూర్చుని మొక్కను చూశాను.

కూర్చుంటే తప్ప కనిపించనివి కనిపించాయి. ఈ మొక్కకు ఏడాది పెరుగుదల ముగిసిన ప్రతిచోటా కొమ్మ మీద సన్నని గీతల పట్టీ మిగులుతుంది. పట్టీకీ పట్టీకీ మధ్య దూరమే ఒక ఏడాది ఎదుగుదల. కొలిస్తే ఎక్కడా రెండు వేళ్లు మించలేదు. మొదలు లావైంది పెద్ద చెట్టు కాబోతున్నందుకు కాదు, వయసు మళ్లినందుకు. చిన్న ఆకు చెప్పింది నిజమే. అది పొట్టిరకం.

ఇక తొట్టి సంగతి. రోడోడెండ్రాన్‌కు పులుపు మట్టి కావాలి. సున్నం దానికి విషం, మట్టిలోని ఇనుమును వేరుకు అందనివ్వదు. అంత పెద్ద తొట్టిలో చిన్న వేళ్లు పీల్చలేని నీళ్లు నిలిచిపోయి, సున్నాన్ని మట్టిలోకి దించాయి.

ఆ పూటే రీపాటింగ్ చేశాను. అంటే కుండీ మార్చడం. కుళ్లిన వేళ్లు తీసేసి, లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ ఉన్న చిన్న మట్టి మూకుడులో కొబ్బరిపొట్టు, ఆకు ఎరువు వేసి నాటాను. మా బోరు నీళ్లలోనూ సున్నమే కాబట్టి ఎదురు షాపు ఏసీ నుంచి కారే నీళ్లు పట్టి పోశాను. తడి గోనెసంచులు చుట్టూ కట్టాను. లచ్చవ్వ అన్నీ పక్కనే నిలబడి చూసింది.

"బతుకుతదా?"

"తెల్వది."

ఐదో రోజు కవిత పరుగున వచ్చింది. భర్త నుంచి ఫోన్ వచ్చిందట. మొక్క సంగతి అడిగాడట. "ఏం జెప్పినవ్?" అన్నాను. "మంచిగనే ఉందన్న సార్," అంది. నా భయం ఇంకా పెరిగింది. మూడు కొమ్మల్లో రెండు ఎండిపోయాయి. వానలు పడ్డాక మూడోదాని కొసన గోధుమగింజంత మొగ్గ కనిపించింది. ఆకు మొగ్గే. అయినా లచ్చవ్వను పిలిచి చూపించాను.

దసరాకు జవాను వచ్చాడు. పూలు లేవు. ఒంటికొమ్మ మొక్కను తిప్పి తిప్పి చూసి, "ఎంత పెద్దగైతది సార్?" అని అడిగాడు.

లచ్చవ్వ నా ముఖం వైపు చూసింది.

"నాకు తెల్వది. యేడాదికొకసారి కొలుద్దాం," అన్నాను.

ఇప్పుడు ఎవరు మొక్క తెచ్చినా ముందు నేల మీద కూర్చుంటాను. మాట ఆ తర్వాతే.