ఎమ్మెల్యే గారి ఇస్త్రీ

కోవూరులో మాది ఇస్త్రీ బండి. ఇది మా ఎమ్మెల్యే గారు మొదటిసారి పోటీ చేసినప్పటి సంగతి. ప్రచారానికి వచ్చిన అభ్యర్థులు ఎవరి పనో ఒకటి అందుకుని ఫొటో దిగడం మామూలే కదా! ఈయన మా బండి దగ్గర ఆగి, "ఇటియ్యక్కా, నేను చేస్తా" అంటూ నా చేతిలోని బొగ్గుల పెట్టె తీసుకుని, బండిపై పరిచి ఉన్న తెల్లచొక్కా మీద పెట్టారు.

"అట్టే ఉండండి సార్, ఇటు చూసి నవ్వండి!" అన్నాడు ఫొటోగ్రాఫరు. ఆయన నవ్వుతూనే ఉన్నారు, పెట్టె కదలడం లేదు. అంతమంది ముందు చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఇంతలో పొగ లేచింది. చూస్తే చొక్కా వీపున పెట్టెంత మచ్చ!

"అయ్యో, ఎవరిదక్కా ఇది?" అన్నారు కంగారుగా.

"మీదే అన్నా. రేపు మీటింగుకని పొద్దున మీ డ్రైవరు ఇచ్చిపోయినాడు."

నవ్వు ఆపుకోలేక నేను పడిన అవస్థ ఇప్పటికీ మరచిపోలేను.

ఆయన గెలిచారు. అయిదేళ్లకు మళ్లీ ఓట్లడగడానికి వచ్చి, అలవాటుగా చెయ్యి చాపారు. పెట్టె అందించాను.

"చల్లగా ఉందేందక్కా? నిప్పులెయ్యలేదా?"

"ఎందుకన్నా, ఫొటోలో నిప్పులు కనపడవు గదా!"