ఎడమ కాలికి పనిలేని కారు

పంజాగుట్టలో మేముండే అపార్టుమెంటు నుంచి అమీర్‌పేటలో మా ఆఫీసుకి కిలోమీటరున్నర ఉంటుందేమో. ఆ కాస్త దూరానికి నేను కారు కొన్నానని తెలిసి ఆఫీసులో అందరూ నవ్వారు. "నడిస్తే ఇరవై నిమిషాలు కదండీ" అన్నాడు మా టీమ్ లీడు. అందులోనూ ఆటోమేటిక్ కారు. అప్పట్లో అలాంటివి ఊళ్లో ఎక్కడో గానీ కనబడేవి కావు. "గేర్లు మార్చడానికి కూడా బద్ధకమేనా మీకు?" అంది పక్క సీట్లో అమ్మాయి. నేనూ నవ్వేసి, "ఈ ట్రాఫిక్‌లో క్లచ్ ఎవరు తొక్కుతారండీ బాబూ" అన్నాను. ఆ జవాబు వాళ్లకి నచ్చింది. నన్ను షోకులరాణి కింద జమకట్టారు. ఏమనుకున్నా ఫరవాలేదు, అసలు సంగతి బయటపడకపోతే చాలనుకున్నాను.

అసలు సంగతేమిటంటే, పసితనంలో పోలియో వచ్చి నా ఎడమ కాలు సన్నబడిపోయింది. కూర్చుంటే తెలియదు, నిలబడినా అంతగా తెలియదు. నడిస్తే తెలుస్తుంది. ఎడమ అడుగు పడేటప్పుడు తొడమీద చేత్తో నొక్కి పట్టుకోవాలి, లేకపోతే మోకాలు దానంతటదే మడతపడిపోతుంది. అందుకని పెద్ద హ్యాండ్‌బ్యాగు ఒకటి ఎడమ భుజానికి వేలాడేసుకునేదాన్ని. చెయ్యి బ్యాగు మీద ఉన్నట్టు కనిపించేది. పొద్దున్న అందరికంటే ముందు ఆఫీసుకి వెళ్లి కూర్చునేదాన్ని, సాయంత్రం అందరూ వెళ్లాక లేచేదాన్ని. ఇది అమ్మ నేర్పిన విద్య. చిన్నప్పుడు పెళ్లికైనా పేరంటానికైనా, "జనం రాకముందే వెళ్లి కూర్చో తల్లీ, మళ్లీ అందరూ వెళ్లాక లేద్దువుగాని" అనేది. నన్ను కాపాడాలనే అనేది. కానీ ఆ మాటలో దాచుకోవలసినదేదో నా దగ్గరుందని నాకు అర్థమైంది. అది అర్థమయ్యాక మళ్లీ మరిచిపోవడం నా వల్ల కాలేదు.

ఆఫీసులో ఎవరికీ తెలియదని నేననుకున్నాను. కొందరికి తెలిసే ఉంటుంది. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

కారు కొనక ముందు ఆటోల్లో తిరిగేదాన్ని. అంత దగ్గరికి ఏ ఆటో అతనూ వచ్చేవాడు కాదు. "అమీర్‌పేటనా? నడిచి పోండ్రి మేడం" అని వెళ్లిపోయేవాళ్లు. వాళ్లకి కాలు చూపించి బతిమాలుకోవడం ఇష్టంలేక రోడ్డు పక్కన అరగంట నిలబడేదాన్ని. కారైతే ఎడమ కాలితో క్లచ్ తొక్కాలి కాబట్టి అది నాకు కుదరదనే అనుకునేదాన్ని. కుదురుతుందని చెప్పింది మా పై అంతస్తు ఆంటీ.

ఆవిడా భర్తా చాలా ఏళ్లు కువైట్‌లో ఉండి తిరిగొచ్చారు. ఒకసారి లిఫ్టులో నా నడక చూసి, మొహమాటమేమీ లేకుండా, "పోలియోనా బేటా?" అని అడిగింది. బయటివాళ్లెవరూ నన్ను అంత మామూలుగా అడగలేదు. అవునన్నాను. "ఏ కాలు? ఎడమనా? ఫికర్ లేదు. ఆటోమేటిక్ కారు తీస్కో. అండ్ల అందరి ఎడమ కాలు ఖాళీగనే కూసుంటది" అంది. కువైట్‌లో తను నడిపిందంతా ఆ రకం కార్లేనట.

పాత కారొకటి దొరికాక ఆదివారాలు పొద్దున్నే ఆంటీ నాకు నేర్పింది. బురఖా సర్దుకుని పక్క సీట్లో కూర్చునేది. పంజాగుట్ట వెనక సందుల్లో ఆ వేళకి పాలవాళ్లు తప్ప ఎవరూ ఉండేవారు కాదు.

"ఎడమ కాలు సీటు దిక్కు వెనక్కి జరుపు. బ్రేకు సుత కుడి కాలే, యాక్సిలరేటర్ సుత కుడి కాలే. రెండు కాళ్లు వాడినవంటే ఆగమాగం అయితది" అనేది.

నాకు ఆ బాధ లేదని నేను నవ్వితే ఆవిడ నవ్వలేదు. చదువు చెప్పే టీచర్‌లా ఉండేది.

"గేరు డి లో ఉండంగ బ్రేకు మీదికెల్లి కాలు తీసినవంటే బండి దానంతట అదే నడుస్తది. ఎవరితోనన్న మాట్లాడుకుంట కాలు తీసేవు, జాగ్రత్త. ఆపినప్పుడు ముందుగాల హ్యాండ్‌బ్రేకు ఎయ్యాలె, తర్వాత పార్కుల పెట్టాలె, అప్పుడు బ్రేకు ఇడవాలె. లేకుంటె బండి బరువంత గేరు మీదనే పడుతది. ఇంజన్ నడుస్తుండంగ దిగొద్దు. అర్థమయిందా?"

అర్థమైంది. కొన్ని వారాల్లో ఫ్లైఓవరు కింద సిగ్నల్ దగ్గర కూడా భయం లేకుండా ఆగగలిగాను. మొదటిసారి ఒక్కదాన్నే ఆఫీసుకి నడుపుకుంటూ వెళ్లిన రోజు, అద్దాలు ఎత్తుకుని, ఆ కిలోమీటరున్నరా నేను అందరిలాంటి దాన్నే. బయటినుంచి చూసేవాళ్లకి భుజాల వరకే కనిపిస్తాను కదా.

మా ఆఫీసున్న కాంప్లెక్సు అమీర్‌పేటలో ఒక ఇరుకు సందులో ఉండేది. సందంతా కోర్సుల బోర్డులు, జిరాక్సు షాపులు, టిఫిన్ బళ్లు. సెల్లార్‌లో చోటు తక్కువ. ముందొచ్చినవాళ్లు గోడవార పెట్టుకునేవారు. ఆలస్యంగా వచ్చినవాళ్లు వాటికి అడ్డంగా పెట్టి, న్యూట్రల్‌లో వదిలేసి, హ్యాండ్‌బ్రేకు వెయ్యకుండా పైకి వెళ్లిపోయేవారు. లోపలి కారు బయటికి రావలసి వస్తే వాచ్‌మన్ ఇంకో ఇద్దర్ని పిలిచి అడ్డమున్నదాన్ని తోసేవాడు. నేను ఎప్పుడూ ముందే వస్తాను కాబట్టి నాకు లిఫ్టు పక్కన గోడవార చోటు దొరికేది.

ఒక శుక్రవారం అమ్మకి జ్వరం. డాక్టరుకి చూపించి వచ్చేసరికి పది దాటింది. సెల్లార్ నిండిపోయి ఉంది.

"అడ్డం పెట్టుండ్రి మేడం. న్యూట్రల్‌ల పెట్టి, హ్యాండ్‌బ్రేకు ఎయ్యకుండ పోండ్రి. మేము జరుపుకుంటం" అన్నాడు వాచ్‌మన్.

"ఇది అలా కుదరదన్నా. పార్కులో పెడితేగానీ తాళంచెవి బయటికి రాదు. పార్కులో పెడితే మీరు తోసినా కదలదు."

"గిదేం బండి మేడం!" అన్నాడు. "అయితె చెవి నాకిచ్చి పోండ్రి."

అతను అలాంటి బండి ఎప్పుడూ నడపలేదు. అక్కడ నేల కూడా వాలుగా ఉంది. ఇవ్వడానికి భయమేసింది. నా ఫోన్ నెంబరిచ్చి, "ఎవరైనా తియ్యమంటే నాకు చెయ్యి, నేనే వచ్చి తీస్తాను" అని లిఫ్టెక్కి నాలుగో అంతస్తుకి వెళ్లిపోయాను.

పదకొండు గంటలకి కరెంటు పోయింది. జనరేటరు కంప్యూటర్లకే గానీ లిఫ్టుకి లేదు. కాసేపటికి ఫోన్ మోగింది.

"మేడం, జర జల్ది రాండ్రి. ఇక్కడ ఒక సారు మస్తు గరం అయితుండు."

లేచాను. కంగారులో తాళాలూ ఫోనూ మాత్రం తీసుకుని, బ్యాగు కుర్చీకే వదిలేసి తలుపు దాకా వచ్చేశాను. వెనక్కి వెళ్లి తెచ్చుకుంటే ఇంకొంచెం ఆలస్యం. సరే అని మెట్ల దగ్గరికి వెళ్లాను. కరెంటు లేదని టీ తాగడానికి ఆఫీసులో సగం మంది ఆ మెట్లమీదే ఉన్నారు. కొందరు దిగుతున్నారు, కొందరు ఎక్కుతున్నారు.

మెట్లు దిగడం నాకు నడక కంటే కష్టం. కుడి చేత్తో రెయిలింగు పట్టుకుని, ఎడమ చేత్తో తొడ నొక్కుకుని, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ ఆనించి దిగాలి. నా వెనక మాటలు ఒక్కొక్కటే ఆగిపోవడం వినిపించింది. ముందున్నవాళ్లు గోడకి ఆనుకుని దారిచ్చారు. టీమ్ లీడు గబగబా వచ్చి, "అరెరే, మీరెందుకండీ, తాళాలివ్వండి, నేను తీస్తాను" అన్నాడు. అతని గొంతు మారిపోయింది. "మీరు ఆటోమేటిక్ ఎప్పుడైనా నడిపారా?" అని అడిగాను. లేదన్నాడు. "అయితే వద్దులెండి" అన్నాను. అతను తిరిగి పైకి వెళ్లకుండా నా పక్కనే, నాలాగే ఒక్కో మెట్టూ ఆగి ఆగి దిగాడు. మొహం ఎత్తి అతన్ని చూడలేకపోయాను. చెమటకి రెయిలింగు మీద చెయ్యి జారుతోంది.

సెల్లార్‌లో నలుగురైదుగురు మగవాళ్లు నా కారుని తోస్తున్నారు. అది కదలడం లేదు. "టైర్లు జామ్ అయినయ్ ర భయ్" అంటున్నాడొకడు. నా కారు అడ్డంగా ఉండడంతో గోడవార ఇరుక్కుపోయిన కారులో, కంటికి తెల్లటి కట్టుతో ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. రెండో అంతస్తులో కళ్ల డాక్టరు దగ్గరికి వచ్చినట్టున్నారు. ఆయన కొడుకు వాచ్‌మన్ మీద అరుస్తున్నాడు.

"కారు కొంటరు, పార్కింగ్ చేసుడు రాదు! గిట్లెవడన్న లాక్ చేసుకోని పోతడా? మా నాయిన అర్ధగంట సంది ఉడుకపోస్తుంటె కూసున్నడు. ఎవరామె? ఆమెకు కాళ్లు లేవా, దిగి రానికె?"

ఆ మాట అంటూనే ఇటు తిరిగాడు. నేను ఆఖరి మెట్టు దిగుతున్నాను.

అతను నా చెయ్యి చూశాడు, కాలు చూశాడు. గొంతు తగ్గించి అన్నాడు, "అయ్యో. సారీ అమ్మా. నాకు తెల్వది. నిదానంగ రా తల్లీ, ఏం తొందర లేదు."

నాలుగు అంతస్తుల మెట్ల మీద నేను పడిన అవమానం ఒక ఎత్తు, ఆ నాలుగు మాటలు ఒక ఎత్తు. అతను అరవడంలో న్యాయముంది. ముసలాయన నిజంగానే చెమటలు కక్కుతున్నాడు. నేను ఇంకా తిట్లు పడవలసినదాన్ని. నా కాలు చూసి అతను తన న్యాయాన్ని వదిలేసుకున్నాడు. ఇంకాసేపు తిట్టి ఉంటే బాగుండుననిపించింది.

కారెక్కాను. తోసినవాళ్లంతా చుట్టూ నిలబడి సైగలు మొదలుపెట్టారు. "జర జాగ్రత్త." "మెల్లగ." ఒకాయన పక్కవాడితో, "ఆమెకు వస్తదా? మనం తీద్దామా?" అన్నాడు. అద్దం దించి ఉంది, నాకు వినిపించింది. రోజూ పది గంటల లోపలే నేనూ ఈ కారూ ఈ ర్యాంపు దిగి వస్తున్నామని వాళ్లకెలా తెలుస్తుంది? బ్రేకు నొక్కి, రివర్సులో పెట్టి, హ్యాండ్‌బ్రేకు దించి వెనక్కి తీశాను. ర్యాంపు మధ్యలో పైన ఆటో అడ్డొస్తే ఆగి, అది పోయాక సందులోకి తీసుకెళ్లి పక్కకి ఆపాను. ఎక్కడా ఏదీ తగల్లేదు. తప్పు పట్టడానికేమీ లేదు. అయినా ఎవరో చప్పట్లు కొట్టారు. బడిపిల్లలు పద్యం అప్పజెప్పినప్పుడు కొట్టే చప్పట్లు.

ముసలాయన కారు నా పక్కన ఆగింది. కట్టులేని కంటితో నన్ను చూసి, "దేవుడు నిన్ను సల్లగ జూడాలె బిడ్డా" అన్నాడు. చేతులు జోడించాను. ఆ కారు వెళ్లాక ఇంకేమీ చెయ్యలేక, అమ్మకి జ్వరం ఎక్కువైందని టీమ్ లీడుకి ఫోన్‌లో అబద్ధం చెప్పి ఇంటికి వెళ్లిపోయాను.

ఆంటీ దగ్గర ఏడ్చాను. ఆవిడ ఓదార్చలేదు. "ఆయన తిట్టుడు బంద్ చేసిండని ఏడుస్తున్నవా?" అంది. మళ్లీ తనే అంది. "నేను ఆ దేశంల అన్నేండ్లు బండి నడిపిన. ఈడికొచ్చినంక ఇంట్ల ఎవ్వరు నాకు బండి చెవి ఇస్తలేరు. ఆడోళ్లకెందుకు అంటరు. నీకు నేర్పిచ్చేటప్పుడు సుత పక్క సీట్లనే కూసున్న. నన్ను జూసి నీకు జాలైతుందా?"

"లేదు ఆంటీ."

"మరి?"

ఆవిడ చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్లిపోయింది.

సోమవారం సెల్లార్‌లోకి దిగేసరికి లిఫ్టు పక్కన గోడవార చోటులో, తెల్ల గీతల మధ్య చక్రాల కుర్చీ బొమ్మ ఒకటి వేసి ఉంది. వాచ్‌మన్ సంబరంగా ఎదురొచ్చి, "మేడం, గిది మీకే. ఇంకెవ్వర్ని పెట్టనియ్య" అన్నాడు. ఎవరూ నన్నొక్క మాట అడగలేదు. ఆ బొమ్మ మీద కారు పెట్టలేకపోయాను. వెనక్కి తీసి, రెండు సందుల అవతల రోడ్డు పక్కన పెట్టి, అంత దూరమూ నడిచి వచ్చాను. కాలు దాచుకోవడానికి ఇంకా ఎక్కువ నడిచాను. చాలా వారాలు అలాగే చేశాను. వానలు మొదలయ్యాక ఒకరోజు టిఫిన్ బండి ముందు బురదలో జారి పడ్డాను. కోర్సులకొచ్చిన కుర్రాళ్లు ఇద్దరు లేపారు. బట్టలన్నీ బురద.

ఆ మధ్యాహ్నమే అడ్మిన్ మేనేజరు గదికి వెళ్లాను. "ఆ చోటు నాకు కావాలండీ. బొమ్మ మాత్రం చెరిపేయించండి" అన్నాను.

ఆయన ఇబ్బందిగా కదిలాడు. "మీకు సౌకర్యంగా ఉంటుందనే కదమ్మా..."

"తెలుసండీ. నన్ను అడిగి ఉంటే బాగుండేది."

బొమ్మ మీద పసుపు రంగు వేశారు. టైర్లు రాసుకుని రంగు అక్కడక్కడా లేచిపోయి, లోపలి తెల్ల చక్రం మళ్లీ కనిపించేది. నేను దానిమీదే పెట్టుకునేదాన్ని. దిగి చూడకుండా లిఫ్టెక్కేదాన్ని.

మరుసటి ఏడాది ఒకరోజు వచ్చేసరికి అక్కడ కొత్త కారొకటి ఉంది. పై అంతస్తులో కొత్తగా తెరిచిన ఆఫీసతను అప్పుడే దిగి తాళం వేస్తున్నాడు. వాచ్‌మన్ ఎక్కడికో వెళ్లాడు. నేను వేరే చోటు చూసుకోవచ్చు. ఇంజన్ ఆపి దిగాను.

"ఇది నా చోటండీ. తీస్తారా?"

"మీ చోటా? ఎక్కడ రాసుందండీ?" అన్నాడు, నవ్వుతూనే.

చెవులు వేడెక్కాయి. "నాకు ఎడమ కాలు పనిచెయ్యదు. అందుకని ఇచ్చారు" అన్నాను. ఆ మాట పైకి, కొత్త మనిషితో అనడం అదే మొదటిసారి.

"ఓ, సారీ సారీ" అంటూ అతను గబగబా కారు తీసేశాడు. నేను నాది పెట్టుకుని, మొహంలో వేడి తగ్గేదాకా స్టీరింగు మీద చేతులుంచుకుని కూర్చున్నాను. సిగ్గు పోలేదు. చాలాసేపే కూర్చున్నాను.