మళ్ళీ మగ్గం గుంటలోకి

1978 జూన్ 12, సోమవారం, ఉదయం తొమ్మిదిన్నరకు బెంగళూరులోని ఒక మిషన్ ఆసుపత్రిలో, స్త్రీల ఆపరేషన్ వార్డులో నేను పనిలో చేరాను. అంతకుముందు ఐదేళ్ళు అదే ఆసుపత్రిలో విరిగిన ఎముకలు, పక్షవాతం వచ్చిన కాళ్ళు చేతులు చూశాను. అప్పట్లో ఫిజియోథెరపీ అంటే అందరికీ అదే. గర్భసంచి ఆపరేషన్ అయినవాళ్ళకు కూడా వ్యాయామం అవసరమని మా పెద్ద డాక్టరమ్మ పట్టుబట్టి నన్ను అక్కడ వేయించారు. హోదాలో వార్డు సిస్టర్ కంటే కిందిదాన్ని. డాక్టరు చీటీ రాయనిదే రోగిని ముట్టుకునే అధికారం నాకు లేదు.

అక్కడ నాకు వచ్చిన మొదటి చీటీ పాపక్కది. నలభై ఏళ్ళ మనిషి, ఆనేకల్ పట్టు నేతవాళ్ళ ఇంటి కోడలు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం. నాలుగు కాన్పుల తర్వాత గర్భసంచి జారింది. దాన్ని తీసేసి, వదులైన యోని గోడలను కుట్టి బిగించారు. కుట్లు ఒక్కటే ఆ బరువును మోయలేవు. తుంటి ఎముకల మధ్య అడుగున ఊయలలా పరుచుకున్న కండరాలు ఉంటాయి. వాటికి బలం రాకపోతే దగ్గినా నవ్వినా మూత్రం జారుతుంది, కుట్టినది మళ్ళీ దిగుతుంది. ఆ కండరాలకు పని నేర్పడమే నా ఉద్యోగం.

పాపక్కకు కావలసింది ఒక్కటే, మళ్ళీ పెద్ద మగ్గం గుంటలో కూర్చోవడం. గుంట మగ్గంలో నేసేవాళ్ళు నేల అంచున కూర్చుని, కాళ్ళు గుంటలోకి వదిలి పలకలు తొక్కుతారు. వాళ్ళింట్లో రెండు మగ్గాలు ఉండేవి. వెడల్పు అంచు చీరలు పెద్దదాని మీదే, ఇద్దరు కూర్చుని నేస్తారు; చిన్నదానికి ఒక్కరు చాలు. పెళ్ళైనప్పటి నుంచి దాని మీద కూర్చున్నది పాపక్క. పక్కన కూర్చుని అంచు పోగు చుట్టిన నాడెను ఇటూ అటూ వేసేది ఆమె భర్త. ఆమె ఆసుపత్రికి రాగానే తోడికోడలు రత్నమ్మ, మరిది ఆ మగ్గం మీద కూర్చున్నారు.

కనబడని కండరాన్ని నేర్పడం కష్టం. మూత్రం ఆపుకున్నట్టు లోపలికి, పైకి లాగమని చెప్పాను. ఆమె పొట్ట బిగించేది, ఊపిరి బిగబట్టేది, పిరుదులు గట్టి చేసేది. అడుగున మాత్రం ఏమీ కదిలేది కాదు.

ఎదుటి మంచం ఆమె అందరికీ వినబడేలా అంది: "ఈయమ్మ కనబడని కసరత్తు నేర్పిస్తా ఉండాది. ఈయమ్మకు జీతం కూడా కనబడకుండానే ఇస్తారేమో!"

ఒకరోజు పొట్ట మీద చెయ్యి వేసి చూస్తే చెక్కలా తగిలింది. చీర కింద పాత నూలుచీర చుట్లు చుట్లుగా బిగించి కట్టి ఉంది. బాలింతకు కట్టినట్టు అత్త గంగమ్మ ప్రేమగా కట్టిన నడికట్టు అది. పొట్టను అలా నొక్కితే బరువంతా కొత్త కుట్ల మీదికి దిగుతుందని మంచం పక్కనే ఉన్న గంగమ్మకు చెప్పాను.

"కట్టకుంటే కడుపు జారదా? నీకు పిల్లోల్లు ఉండారా అప్పా?"

లేరన్నాను.

"మరి నాకు చెప్పేదానికి వస్తివే!"

వార్డంతా నవ్వింది, నేనూ నవ్వాను. వాదించకుండా, వేడినీళ్ళ రబ్బరు సంచిని సగం నింపి, నిలబెట్టి పట్టుకుని, నడుమ ఒక గుడ్డ బిగించాను. సంచి అడుగు ఉబ్బింది. గంగమ్మ దాన్ని వేలితో నొక్కి చూసి, తనే వెళ్ళి కోడలి కట్టు విప్పింది. "పూర్తిగా ఇడిచిపెడితే నా మనసు ఒప్పదు" అని తుంటి చుట్టూ వదులుగా కట్టింది. అలా ఉండనిచ్చాను.

ఆ మధ్యాహ్నం పడుకున్న పాపక్క పాదాలు ఒకదాని తర్వాత ఒకటి పైకీ కిందికీ ఆడుతున్నాయి. రక్తం గడ్డకట్టకుండా నేను నేర్పిన పాదాల వ్యాయామమే అనుకుని మెచ్చుకున్నాను.

"ఇది నువ్వు చెప్పిండేది కాదమ్మా. నేస్తా ఉండాను."

పోగు తెగబోతే ఏం చేస్తావని అడిగాను.

"తొక్కేది నిలిపి, అన్నీ పైకి పట్టుకుంటాము. కూకున్న తావే తేలినట్ల అయితాది."

నేను వెతుకుతున్న కండరం అదే. అయితే దానితోపాటు ఊపిరి కూడా పట్టేస్తుంది, అది తప్పు. అందుకని కండరాన్ని పైకి పట్టుకుని, అంచు నేతలో పలకలు తొక్కే లెక్కను గట్టిగా చెప్పమన్నాను. మాట్లాడుతూ ఎవరూ ఊపిరి బిగబట్టలేరు. ఆ రోజు నుంచి "ఏమక్కా, ఈ పొద్దు ఎన్ని మూరలు నేస్తివి?" అని పక్క మంచాలవాళ్ళు ఆమెను ఆటపట్టించేవారు. నవ్వితే తడుస్తుందని భయపడిన మనిషి వాళ్ళతోపాటు నవ్వడం మొదలుపెట్టింది.

ఆరు వారాలకు పరీక్షించినప్పుడు పట్టు చిక్కింది గానీ దగ్గితే గుడ్డ తడిసింది. మూడు నెలలకు, నిండు మూత్రాశయంతో నిలబడి దగ్గినా తడవలేదు. మగ్గంలో దిగవచ్చా అని అడిగింది. ఆరు నెలలు దాటాలని డాక్టరమ్మ చెప్పారు. డిసెంబరులో అనుమతి తీసుకుని నేనే ఆనేకల్ బస్సెక్కాను.

రెండు గుంటల్లోనూ దిగి తొక్కి చూశాను. చిన్న మగ్గం పలక తేలిక. పెద్ద మగ్గం పలకకు ఒళ్ళంతా మోపాలి. ఏ ఆపరేషనూ లేని నాకే అడుగున ఒత్తిడి తెలిసింది. ముందు పైకి పట్టడం, ఊపిరి వదులుతూ తొక్కడం, ఆ తర్వాత సడలించడం అనే వరుస నేర్పి, ఆమెను చిన్న మగ్గం మీద కూర్చోబెట్టాను. మామూలు గుడ్డ చక్కగా నేసింది.

వేసవికి డాక్టరమ్మ ఒప్పుకుంటే పెద్ద మగ్గం మీద కూర్చుంది. రెండు వారాలకే సాయంత్రాలు కింద బరువు మొదలైంది. పరీక్షలో ముందు గోడ కొంచెం దిగి కనిపించింది. ఆ మగ్గం తొక్కినంతకాలం మళ్ళీ కుట్టినా నిలవదని డాక్టరమ్మ చెప్పి వెళ్ళారు. పాపక్క నావైపు తిరిగింది.

"కసరత్తు ఇంకా గట్టిగ చేస్తే?"

కండరం బలానికి ఒక హద్దు ఉంటుందనీ, ఆమె కండరం ఆ హద్దుకు చేరిందనీ చెప్పాను.

"అట్లయితే చిన్నదే నాది" అంది. కొంగు సరిచేసుకుని లేచింది.

1981లో చివరిసారి వాళ్ళింటికి వెళ్ళాను. చిన్న మగ్గం పెద్దదాని పక్కన లేదు, వెనక గదిలో ఉంది. ఎందుకు మార్చారని అడిగాను. "రత్న తొక్కే చప్పుడు ఇనబడితే నా కాళ్ళు ఆ లెక్కకే పోతాయమ్మా. నా గుడ్డ చెడిపోతా ఉండాది" అంది. దగ్గు, బరువు సంగతి అడిగాను. ఏ బాధా లేదంది. మేం మాట్లాడుతున్నంతసేపూ పెద్ద మగ్గం ఆడుతూనే ఉంది. ఆమె పాదాలు రెండూ నేలకు నొక్కి పెట్టి కూర్చుంది.

ఆ తర్వాత ప్రతి రోగినీ మొదట అడిగిన ప్రశ్న, ఇంటికి వెళ్ళాక ఏ పనికి తిరిగి వెళ్ళాలి అని. నొప్పి గురించి ఆ తర్వాతే అడిగేదాన్ని. కుట్టు నిలిస్తే ఆసుపత్రి లెక్కలో అది బాగైన కేసు. పాపక్కది బాగైన కేసే.

ఆమెకు పోయినవి ఇవి: గర్భసంచి, పెద్ద మగ్గం, వెడల్పు అంచు నేత, పొద్దంతా పక్కన కూర్చున్న భర్తతో మాటలు.