చేత్తో చూపించిన చరణం

సరిహద్దు పోస్టుకు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. మార్చి మొదటివారం. మంచు మోకాలి దాకా ఉంది. వీపు మీద సామాను, భుజాన రైఫిల్, నాలుగడుగులు వేస్తే ఆయాసం. నాలుగు బంకర్లు, ఒక వంటగది, రాళ్లు పేర్చి పైన రేకు కప్పిన చిన్న గుడి. ముందు లోయ. లోయకు అవతల వాళ్లు. పోస్టు చూసుకునే హవల్దార్ ముందుగా ఆ అవతలి గట్టే చూపించాడు. తల దించుకుని నడవడం అలవాటు చేసుకోమన్నాడు. స్వాగతం అంతటితో అయిపోయింది.

కొత్త దశకం మొదలైన ఏడాది అది. నర్సీపట్నంలో నన్ను చూసినవాళ్లు అక్కడ ఎంతమందిని కాల్చావని అడుగుతారు. ఆ ఏడాది మేం ఎక్కువగా కొట్లాడుకున్నది పాటల గురించని చెబితే నవ్వుతారు. నవ్వుకోండి, నాకేం.

పోస్టులో తెలుగువాళ్లం ఇద్దరమే. రెండోవాడు రేడియో ఆపరేటర్, పాయకరావుపేట మనిషి. మా ఇద్దరివీ మిషన్ చర్చి కుటుంబాలు. అతను ఊళ్లో చర్చిలో కీబోర్డు వాయించేవాడు, క్రిస్మస్‌కి క్వయర్ నడిపేవాడు. నాకేమో పాటంటే డప్పు మోగితే కాలు కదలడం వరకే. నేను బూట్లు కూడా విప్పకముందే వచ్చి పక్కన కూర్చున్నాడు.

"కొత్త పాటలేటి తెచ్చేవు గురూ?"

ఏమీ తేలేదన్నాను. ఇంట్లో పిల్లలకి మిఠాయి తేని మేనమామను చూసినట్టు చూశాడు. అక్కడి పద్ధతి అది: కింద నుంచి ఎవరు వచ్చినా మెమరీ కార్డు నిండా కొత్త పాటలు తేవాలి. పైన ఫోన్‌కి సిగ్నల్ లేదు. దేశమంతా విని విసిగిపోయిన పాట మా దగ్గరికి మంచు కరిగాక నడిచి వచ్చేది.

ఆదివారం భోజనాలయ్యాక కౌంట్‌డౌన్. అది ఆపరేటర్ పెట్టిన ఆట. చలికి బ్యాటరీ చచ్చిపోతుంది కాబట్టి పొద్దుటి నుంచి స్పీకర్‌ని చొక్కాలో పెట్టుకుని తిరిగేవాడు. కిరోసిన్ డబ్బా మీద దాన్ని నిలబెట్టి, రేడియోలో అనౌన్సర్‌లా గొంతు మార్చి, ఈ వారం పదో స్థానం అని మొదలుపెట్టేవాడు. ఎవరు పాడారు, ఇంతకుముందు ఏం పాడారు, ఈ పాటలో ఎక్కడ ఊపిరి తీసుకున్నారు, అన్నీ చెప్పేవాడు. తర్వాత చేతులెత్తి ఓట్లు. వంటవాడు పంజాబీ. అతని పాటకి ఓటేసినవాడి రొట్టెకి నెయ్యి కాస్త ఎక్కువ తగిలేది. అందుకని ప్రతి వారం పంజాబీ పాటే ఫస్టు. తెలుగు పాటకి రెండు ఓట్లు, నర్సింగ్ అసిస్టెంటు మనసు బాగుంటే మూడు.

ఎవరో ఒకరు సెంట్రీ డ్యూటీలో ఉండాలి కదా. అతనికి స్పీకర్ వినిపించదు. అరవకూడదు. అందుకని ఆపరేటర్ బంకర్ గుమ్మంలో నిలబడి పాటను చేత్తో చూపించేవాడు. స్వరం పైకి వెళ్తే అరచెయ్యి పైకి, దిగితే కిందికి, నిలిస్తే అక్కడే. అర్థం కాకపోతే సెంట్రీ తన చూపుడువేలు గాలిలో గుండ్రంగా తిప్పేవాడు. మళ్లీ చెప్పు అని దానర్థం. మొదట్లో నాకిది పిచ్చి పనిలా కనిపించింది. రెండు నెలలకి, అంత దూరం నుంచి ఆ చెయ్యి చూసి ఏ పాటో చెప్పగలిగేవాణ్ని. పాటలో పైకీ కిందికీ అనేవి ఉంటాయని ముప్పై ఏళ్లు దాటాక అలా నేర్చుకున్నాను.

అతని ప్రాణమంతా ఒక పాట మీద ఉండేది. పైకి ఎక్కేముందు కింద క్యాంపులో ఎవరిదో వాట్సాప్ స్టేటస్‌లో విన్నాడట. కొత్త గాయని. ఊళ్ల వైపు గొంతు, కొంచెం బొంగురు. స్టేటస్ కాబట్టి పల్లవి, మొదటి చరణంలో సగం, అంతే. మిగతాది అతను వినలేదు. ఇంటికి ఫోన్ చేసి వినిపించమనొచ్చు కదా అంటారు. శాటిలైట్ ఫోన్‌లో మా వంతుకి దొరికేది కొద్ది నిమిషాలు. అందులో అమ్మ మాట వింటాడా, పాట వింటాడా?

అందుకని రెండో చరణం తనే ఊహించేవాడు. పల్లవిలో అంత అణిచి పాడిందంటే రెండో చరణం కోసం గొంతు దాచుకుందని అతని లెక్క.

"రెండో సరణం పైకెల్తాది, సూడు. అలాటి గొంతుని కింద ఉంచరు."

వంటవాడు కాదనేవాడు. ఆ పాట ఒక్క ముక్క అర్థం కాకపోయినా కాదనేవాడు. రోజూ రొట్టెల దగ్గర ఇదే గొడవ. హవల్దార్ కూడా ఒకసారి, వైర్‌లెస్ చెక్ చేస్తూ, ఇంతకీ ఆ అమ్మాయి పైకి వెళ్లిందా లేదా అని అడిగాడు.

దేశమంతా ఇళ్లలో కూర్చున్న ఏడాది కావడంతో సెలవులు ఆగిపోయాయి. నాకు సెలవు వచ్చేసరికి వానాకాలం వెళ్లిపోయింది. ఆపరేటర్ తన మెమరీ కార్డు నా జేబులో పెట్టి, బొత్తాం కూడా తనే పెట్టాడు. నర్సీపట్నంలో సెలవు సగం గదిలోనే గడిచింది. క్వారంటైన్. కార్డు మా చెల్లికిచ్చి, ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర మొబైల్ షాపులో నింపించమని పాట మొదటి మాటలు రాసిచ్చాను. వెళ్లేరోజు ఫోన్‌లో పెట్టి చూశాను. పల్లవి మొదలైంది, అదే గొంతు. బస్సుకి టైమైపోయింది. చాల్లే అనుకున్నాను.

నేను తిరిగి చేరిన ఆదివారం కౌంట్‌డౌన్ పెట్టలేదు. ఈ ఒక్క పాటే. ఆపరేటర్ తల దువ్వుకుని కూర్చున్నాడు. పల్లవి అయింది. మొదటి చరణం రావలసిన చోట బంకర్ అదిరింది. డీజే మిక్సు. మా వైపు పెళ్లికి, అమ్మవారి పండక్కి, ఊరేగింపుకి పాటంటే డీజేయే. మిలటరీ వాళ్లు అడిగారంటే డాన్సుకే అనుకుని షాపువాడు మంచి ఉద్దేశంతోనే నింపాడు. మధ్యమధ్య డీజే తన పేరు తనే అరుస్తున్నాడు. చరణాలు లేవు, రెండూ ఎగిరిపోయాయి. హవల్దార్ లేచి భుజాలు ఎగరేశాడు. వంటవాడు గరిటెతో డబ్బా వాయించాడు. అందరూ చేతులెత్తారు. తెలుగు పాట మొదటిసారి ఫస్టు వచ్చింది.

ఆపరేటర్ నవ్వబోయాడు గాని నవ్వు రాలేదు.

"మనోడే సరణం కోసీసేడు గురూ," అన్నాడు. స్పీకర్ ఆపి, "పోన్లే. మార్చిలో నా సెలవుంది కదా. నానే ఇంటాను."

బస్టాండుకి వెళ్లేముందు పాట మొత్తం ఎందుకు వినలేదని నన్ను నేను ఎన్నిసార్లు తిట్టుకున్నానో. అది తప్పనను, బస్సు తొందర నాది. కాని బాధ తప్పొప్పులు చూసి రాదు కదా.

డిసెంబరులో ఒక మధ్యాహ్నం యాంటెన్నాకి మంచు గడ్డకట్టి మాట తెగిపోతోంది. గడ్డలు రాలగొట్టడానికి ఆపరేటర్ కర్ర తీసుకుని బయటికి వెళ్లాడు. అది అతని డ్యూటీ. నేను గుమ్మంలో ఉన్నాను. అవతలి నుంచి ఫిరంగి గుండు వచ్చి రాతిగోడకి ఆ పక్క పడి పేలింది. గోడ ఉండబట్టి బతికాడు. ఒంటి మీద గీత లేదు. రెండు చెవుల నుంచి మాత్రం నెత్తురు.

లోపలికి ఈడ్చుకొచ్చాం. నర్సింగ్ అసిస్టెంటు చెవుల్లో దూది పెట్టాడు. రేడియో దానిపాటికది పిలుస్తోంది.

"మాట వినిపిస్తోందా? ఓవర్."

"వినిపిస్తోంది. ఆపరేటర్‌కి దెబ్బ తగిలింది. ఓవర్," అన్నాను.

ఏమీ కాదని, కిందికి తీసుకెళ్తారని అతని ముఖంలో ముఖం పెట్టి అరిచాను. అతను నా నోటికేసి చూసి చూపుడువేలు గుండ్రంగా తిప్పాడు. మళ్లీ అరిచాను. మళ్లీ తిప్పాడు. మర్నాడు మబ్బు విడిచాక హెలికాప్టర్ వచ్చింది. ఆ తర్వాత మా పోస్టులో కౌంట్‌డౌన్ జరగలేదు. పెట్టుకోవద్దని ఎవరూ అనలేదు, ఎవరూ స్పీకర్ ముట్టుకోలేదు, అంతే.

వేసవిలో మమ్మల్ని దింపారు. కింద క్యాంపులో ఫోన్‌కి సిగ్నల్ రాగానే నేను చేసిన మొదటి పని ఆ పాట వినడం. అసలు పాట, మొత్తం. అప్పటికి అది పాతపాట అయిపోయింది. కుర్రాళ్లు వేరే పాటల మీద పడ్డారు.

ఇంటికొచ్చిన వారానికి పాయకరావుపేట వెళ్లాను. తలుపు వాళ్లమ్మగారు తీశారు. డాక్టర్లు వినికిడి ఇంక రాదన్నారని, చెవికి మిషను పెట్టినా హోరు తప్ప ఏమీ తెలియడం లేదంటున్నాడని గుమ్మంలోనే చెప్పారు. చర్చికి వెళ్తున్నాడని, కీబోర్డు ముట్టుకోవడం లేదని కూడా చెప్పారు.

అతను నన్ను చూసి గట్టిగా నవ్వాడు. మాట ఎంత పెద్దగా వస్తోందో అతనికి తెలియడం లేదు. కబుర్లు ఫోన్‌లో టైపు చేసి చూపించాను. హవల్దార్ గురించి అడిగాడు, వంటవాడి గురించి అడిగాడు. కాఫీ తాగాక అసలు ప్రశ్న అడిగాడు.

"ఇన్నావా గురూ?"

తలూపాను.

"పైకెల్లిందా?"

టైపు చెయ్యబోయాను. ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

"రాయొద్దు. సూపించు."

పాట పెట్టాను. వాళ్లమ్మగారు వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డారు. ఆవిడా నేనూ వింటున్నాం. నేను లేచి నిలబడి, అతను గుమ్మంలో నిలబడి చూపించినట్టే, చెయ్యి చాపాను. పల్లవి అతనికి తెలుసు, నా చేతి కన్నా ముందే అతని గడ్డం కదిలింది. మొదటి చరణంలో తెలిసిన సగం దాటింది. అక్కడి నుంచి రెప్ప వెయ్యలేదు.

రెండో చరణం వచ్చింది. పైకి చూపించేద్దామా అని నాకు అనిపించిన మాట నిజం. అతనికి నా చెయ్యి తప్ప వేరే సాక్ష్యం లేదు. కాని పాటల విషయంలో అతనికి అబద్ధం చెప్పడం నావల్ల కాలేదు. చెయ్యి దించాను. ఆ అమ్మాయి ఎలా దిగిందో అలాగే, మెల్లగా, ఎక్కడా తొట్రుపడకుండా, నడుము దాకా.

చాలాసేపు నా చేతినే చూశాడు.

"దిగీసిందా," అన్నాడు. ఈసారి గొంతు మామూలుగానే వచ్చింది. "అదే బావుంది గురూ. నానే తప్పు."

తర్వాత చూపుడువేలు గాలిలో గుండ్రంగా తిప్పాడు. మళ్లీ పెట్టాను. వాళ్లమ్మగారు కొంగుతో ముఖం తుడుచుకుంటూ లోపలికి వెళ్లిపోయారు.

సర్వీసు ముగించుకుని ఇప్పుడు నేను నర్సీపట్నంలో ఒక గోడౌన్‌కి కాపలా ఉంటున్నాను. ఎప్పుడైనా ఆటోలో ఆ పాట వస్తుంది. మంచు, గుండు, లోయ, ఇవన్నీ కొంచెం కొంచెంగా మరుపున పడుతున్నాయి. రెండో చరణం దగ్గర మాత్రం ఒళ్లో ఉన్న నా చెయ్యి దానంతటది లేస్తుంది. అది మెల్లగా దిగుతుంటే, దానితోపాటు దిగుతూ వస్తున్న అతని కళ్లు కనిపిస్తాయి.