నాలుగాకుల కూర

ఏలూరు నర్సరీలో చిన్న ప్లాస్టిక్ కుండీలో పెట్టి అమ్ముతున్నారు. “లక్కీ ప్లాంటండీ, టేబుల్ మీద పెట్టుకోండి,” అన్నాడు షాపతను. చూస్తే మన నాలుగాకుల కూర!

కొల్లేటి పక్క ఊళ్లలో పెరిగినవాళ్లకి గుర్తుండే ఉంటుంది. వరిచేలో కలుపు తీసి గట్టు మీదకి విసిరేసిన దాన్నే మా అమ్మ ఏరి, ఒడినిండా తెచ్చేది. పప్పులో వేస్తే కాస్త బురద వాసన తగిలేది. దానికి పువ్వు పూయదు. వేళ్ల దగ్గర మినపగింజల్లాంటి నల్లటి కాయలుంటాయి. అవి వేసవంతా ఎండిన మట్టిలో పడి ఉండి, నీళ్లు తగిలాక పగులుతాయి. లోపలి పొడి నుంచే కొత్త మొక్క వస్తుంది.

మా పొలాన్ని చేపల చెరువు చేసినప్పుడు, ఇక ఆ కూర దొరకదని నేను ఏడిస్తే, “ఏడవకే, అది నీళ్లలో పుట్టిందేగా, ఇంకా బాగా పెరుగుద్ది,” అంది అమ్మ. తను పోయేదాకా ప్రతి వానాకాలం గట్టు మీద నిలబడి దాని కోసం వెతికింది. నేల ఆరితేనే ఆ కూర కాయ కాస్తుందని మాకు తెలియదు. ఆ చెరువు మళ్లీ ఆరనే లేదు.

కుండీ కొనుక్కుని ఊరెళ్లాను. చెరువు చుట్టూ తిరిగాను. గట్టు అంచు నుంచే నిలువు లోతు; నాటడానికి జానెడు లోతే నీళ్లున్న చోటు ఒక్కటీ దొరకలేదు. తిరుగు బస్సులో కుండీ నా ఒడిలోనే ఉంది. దెందులూరు దాటేసరికి చీకటి పడింది, అది ఆకులు ముడుచుకుంది.