చిన్నమ్మ మొక్కిన చిరుత పీఠం

జర్మనీలో నేను చదివే జీగెన్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు రీజినల్ ట్రైన్‌లో రెండు గంటల లోపే. నెలవారీ టికెట్ ఉంటే వేరే ఖర్చు లేదు. శుక్రవారం పొద్దున ఎనిమిదింటికి ముగ్గురం ఎక్కాం: నేను, నన్ను చూడ్డానికి కరీంనగర్ నుంచి వచ్చిన చిన్నమ్మ, నా క్లాస్‌మేట్ క్లారిస్. క్లారిస్‌ది కామెరూన్ కొండప్రాంతం. జర్మన్లు ఒకప్పుడు పట్టుకొచ్చిన వాళ్ల పాత రాజుగారి పీఠం ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఒక మ్యూజియం గోదాములో ఉంది. వాళ్ల నాన్న చెక్కపని చేస్తాడు. కొత్త రాజుకు అలాంటి పీఠమే చెక్కాలి. పాతదాన్ని చూసినవాళ్లు ఊళ్లో ఎవరూ మిగల్లేదు కాబట్టి నాలుగు వైపులా వీడియో తీసి పంపమన్నాడు. మ్యూజియం వాళ్ల టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, దొరికేసరికే క్లారిస్‌కు తల ప్రాణం తోకకొచ్చింది.

గీసెన్ దాటాక పులిహోర డబ్బా తెరిచాం. క్లారిస్ ముట్టలేదు.

"పీఠాన్ని మోసేవి చిరుతలు. మా దగ్గర చిరుత అంటే రాజే. ఆయన తప్ప దానిమీద ఎవరూ కూర్చోరు," అంది ఇంగ్లిష్‌లో. నేను తెలుగులో చెప్పాను.

"మన దుర్గమ్మ కూసునేది గసొంటి దాని మీదనే గదా!" అంది చిన్నమ్మ.

గోదాములో చలి. పాస్‌పోర్టులు చూసి లోపలికి పంపిన ఉద్యోగిని, దేన్నీ తాకకూడదని రెండుసార్లు చెప్పింది. పొట్టి చెక్కబల్ల మీద పీఠం. నీలం, తెలుపు పూసలు కుట్టిన నాలుగు చిరుతలు కోరలు చూపిస్తున్నాయి. క్లారిస్ ఫోనులో వీడియో తీస్తూ పీఠం చుట్టూ తిరిగింది. మూడు వైపులు అయ్యాయి. ఆమెకు దారి ఇద్దామని చిన్నమ్మ పక్కకు జరిగింది. కాలు బల్లకు తగిలింది. నేను నోరు తెరిచేలోపే చిన్నమ్మ వంగి, చిరుత వీపును తాకి, వేళ్లు కళ్లకద్దుకుంది.

ఉద్యోగిని అరిచింది. టెర్మిన్ అయిపోయింది, బయటికి నడవమంది. ఎంత బతిమాలినా వినలేదు.

మధ్యాహ్నం రెండింటి రైల్లో క్లారిస్ తీసినంత వీడియో నాన్నకు పంపింది.

"అది మా రాజు పీఠం. నేనే తాకలేదు!" అంది.

"కాలు తాకితె మొక్కకుంటె ఎట్ల బిడ్డా?" అని చిన్నమ్మ నన్ను అడిగింది. చిన్నమ్మ మీద కోపమూ జాలీ కలుగుతుంటే, ఆ మాటే క్లారిస్‌కు ఇంగ్లిష్‌లో చెప్పాను.

క్లారిస్ ఫోను మోగింది. వాళ్ల నాన్న. క్లారిస్ ఎత్తలేదు. రెండోసారి ఎత్తి, చాలాసేపు విన్నది. కళ్లు నిండాయి.

"నాలుగో చిరుత సంగతి తను చూసుకుంటాడట. ఆ అమ్మ ఎవరని అడిగాడు. పీఠం మా ఊరు దాటాక, దాని ముందు ఒక మనిషి తల వంచడం ఇప్పుడే ఆ వీడియోలో చూశాడట."

క్లారిస్ ముందుకు వంగి చిన్నమ్మ కుడిచేతిని పట్టుకుని, తన కళ్లకు అద్దుకుంది. చిన్నమ్మ అయోమయంగా నా వైపు చూసింది. జీగెన్ వచ్చేదాకా క్లారిస్ ఆ చెయ్యి వదల్లేదు.