ఎర్ర దారం కట్టిన గునుగు పూలు

జీవవైవిధ్య నిర్వహణలో ఎమ్మెస్సీ చేసినవాడు ఒక్క పూటలో ఎంత వైవిధ్యాన్ని ఊడ్చిపెట్టించగలడో తెలుసుకోవాలంటే, నా మొదటి ఉద్యోగం కథ వినండి.

మాది కాశిబుగ్గ, మగ్గం ఇల్లు. చదువు ముగించి వచ్చాక నాన్నది రోజూ ఒకటే ప్రశ్న. "చెట్లు లెక్కవెట్టనీకె గంత సదువెందుకురా?"

ఆయనకు జవాబు చెప్పే అవకాశం ఒక సర్వే సంస్థ ఇచ్చింది. వర్ధన్నపేట దారిలోని బీడులో పదిచోట్ల మీటరు చదరంగా దారం కట్టి, లోపలి మొక్కలు లెక్కించాలి. మర్నాడు ఆ సంస్థ మేడం వచ్చి మళ్లీ లెక్కిస్తుంది. లెక్క కలిస్తే ఉద్యోగం, లేకుంటే మగ్గం.

దారం కొనడమెందుకని ఇంట్లోని ఎర్ర నూలే పట్టుకెళ్లి కట్టాను. రాత్రి అన్నం తింటూ అమ్మ ముందు గొప్పలు పోయాను.

"గునుగు ఎట్ల పూసిందనుకున్నవే అమ్మా. మన ఎర్ర దారం కట్టిన కాడల్ల తెల్లగ గదే."

అమ్మ ఏ బీడని మాత్రం అడిగింది, చెప్పాను. ఇంటి గుట్టు లంకకు చేటంటారు, నాకు బీడు గుట్టు చేటయింది. తెల్లవారితే గునుగు పూలతో పేర్చే ఎంగిలిపూల బతుకమ్మ అన్న సంగతి ఈ పండితుడికి తట్టనే లేదు.

పొద్దున మేడంతో వెళ్లేసరికి ఎర్ర చదరాలు చెక్కు చెదరలేదు. లోపల మాత్రం వేములవాడలో మొక్కు తీర్చుకున్న తలలా బోడిగా ఉంది.

"ఏది తమ్మీ నీ గునుగు?"

"మేకలు మేసినట్టున్నయి మేడం."

"మేకలు కొడవలితోని మేస్తయా?"

అంతలో బీడు చివర ఒక తెలిసిన చీర కనబడింది. అమ్మ. వెనక మా వాడకట్టు ఆడవాళ్లు, సంచులతో. అమ్మ పదో చదరం మీదికి వంగుతోంది. పరుగెత్తాను.

"అమ్మా, అది ముట్టకు. నా నౌకరీ పోతది."

"బతుకమ్మ కంటె పెద్దదా నీ నౌకరీ? మాకోసమే దారం కట్టి గుర్తు పెట్టినవనుకున్న గద." కోసేసింది.

మేడం నావైపు తిరిగింది. "మొక్కలు వాడుకునే జనం గురించి మీకొక పేపరుంటది గదా. ఎన్ని మార్కులొచ్చినయ్?"

"క్లాసుల ఫస్టు, మేడం." నవ్వకండి, నిజమే.

ఆమె అమ్మ పక్కన కూర్చుంది. "ఏటా కోస్తే మల్ల మొలుస్తదా అమ్మా?"

"కొన్ని ముదరనిస్తం బిడ్డా. గింజ రాలకపోతె వచ్చేటేడు ఏం కోస్తం?"

మేడం తన నోటుపుస్తకంలో రెండు పేజీలు రాసుకుని అది నా చేతికిచ్చింది. "రిపోర్టు గిదే. అమ్మ చెప్పింది నీ సదువుతోని సాఫ్‌గ రాయి. నౌకరీ అమ్మకే ఇయ్యాలె, కని డిగ్రీ అడుగుతరు. నువ్వే రా."

ఆ రోజే బీడు మట్టి చేతిలోకి తీసుకుని ఒట్టేశాను, జన్మలో మగ్గం దారంతో మొక్కను చుట్టనని. ఇప్పుడు పచ్చ ప్లాస్టిక్ తాడు కడుతున్నాను. నిన్న అమ్మ ఫోన్ చేసింది.

"బతుకమ్మ దగ్గరికొచ్చింది బిడ్డా. ఈసారి ఏ రంగు కట్టినవు?"